చుక్క కారని బండి

పాత బండి కొనడమంటే ఇంకొకడు వదిలించుకున్న తలనొప్పిని డబ్బిచ్చి మన తలకు ఎక్కించుకోవడమే. ఈ మాట రేపల్లె బస్టాండులో టీ తాగే ప్రతివాడికీ తెలుసు. బండి ఉన్నవాడూ అంటాడు. జన్మలో బండి కొననివాడు ఇంకా గట్టిగా అంటాడు. ఒక మాటను అందరూ ఒప్పుకుంటున్నారంటే అది నిజమై ఉండవచ్చు, లేదా దాన్ని ఎవరూ పరీక్షించి ఉండకపోవచ్చు. నిజాంపట్నం దగ్గరి పాలెంలో చేపల వ్యాపారం చేసిన వెంకటసుబ్బులుకు దాన్ని పరీక్షించే కోరికేమీ లేదు. 1971 చివరలో ఆ పరీక్షే వచ్చి ఆమె మీద పడింది.

అప్పటికి ఆమెకు నలభై అయిదేళ్ళు. పన్నెండో ఏట తలకెత్తుకున్న గంప ముప్పై దాటేదాకా దిగలేదు. మొప్ప ఎత్తి చూడనక్కరలేదు. బొటనవేలితో వీపు నొక్కి, ఆ చేప వలలో పడి ఎంతసేపయిందో చెప్పగలిగేది. భర్త సింగయ్యకు ఒక పడవ ఉండేది, అతని పినతండ్రి కొడుకులకు మూడు. ఆ నాలుగు పడవల చేపనూ ఆమె తీసుకుని, తెనాలి మార్కెట్టులో మస్తానయ్య అనే టోకు వ్యాపారికి చేర్చేది. నీటి మీద మాట సింగయ్యది, ఒడ్డు మీద మాట ఆమెది. ఈ ఏర్పాటు గురించి ఆలుమగలు ఎన్నడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకుని ఉంటే అది అన్నేళ్ళు నిలిచేది కాదేమో.

చేప ఎడ్లబండి మీద రేపల్లెకు, అక్కడినుంచి రైల్లో తెనాలికి పోయేది. రైలు ఆలస్యమైన రోజున బయల్దేరిన చందువా చేప ఒకటి, చేరిన చందువా ఒకటి. ఆ ఏడు చీరాల వైపునుంచి ఒక వ్యాపారి సొంత లారీ వేసుకుని పాలెం పాలెం తిరగడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం సింగయ్య వల విప్పుతూ, తలెత్తకుండానే విషయం చెప్పాడు.

"మా తమ్ముళ్ళు గొణుగుతున్నారే. మాఘం దాకా చూస్తారంట."

"చూసి?"

"అప్పటికీ వదిన ఎడ్ల వెనకాలే నడుస్తుంటే చేప లారీకి వేస్తారంట."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటాను? నేనూ వాళ్ళతోపాటే సముద్రం మీదుంటాను కదా. ఒడ్డు నీది."

మాఘమాసం లోపల ఆమెకు బండి కావాలి. లేకపోతే మూడు పడవల చేప పోతుంది. దానితోపాటు, ఒడ్డు మీద చెల్లే ఆమె మాట పోతుంది. రెండోది ఆమెకు ఎక్కువ బాధ.

బండ్లు రెండు కనిపించాయి. తెనాలిలో ఒక ఏజెంటు దగ్గర కొత్త పికప్పు బండ్లకు బుకింగు జరుగుతోంది. మామూలుగా ఏడాదికి పైగా ఆగాలి. ఒకాయన తన వంతు వదులుకున్నాడు గనుక రెండు నెలల్లో ఇస్తానని కబురు పంపాడు. ఆమెకు కావలసింది కొత్తదే. ఆకుపచ్చ రంగు, ముందు మెత్తటి సీటు, తన పేరు తప్ప ఎవరి పేరూ ఎరగని బండి. ఈ కోరికను ఆమె ఎవరికీ చెప్పలేదు. అందరి ముందూ లెక్కల మనిషిలాగే మాట్లాడింది.

రెండోది బాపట్లలో ఉంది. రెవెన్యూ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నరసింహారావు అనే పెద్దమనిషిది. యుద్ధం ముగిశాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన బండి; వయసులో ఆమెకంటే ఇరవయ్యేళ్ళు చిన్నదీ, చూపులకు ఆమె తల్లి వయసుదీను. ఆయన దాన్ని తన సరుగుడు తోటల పనికి వాడుకున్నాడు. వెనక ఇనుప అడుగు ఎప్పుడో పోతే, మద్ది పలకలు వేయించాడు.

ఆమె ఆ బండిని చూసిన తీరు చూసి, ఆమె వెంట తెచ్చుకున్న డ్రైవరు జకరయ్యకు నవ్వు ఆగలేదు. అతనిది రేపల్లె, లూథరన్ సంఘంలో సభ్యుడు, సైన్యంలో పదేళ్ళు బండి తోలినవాడు. అతను బానెట్టు ఎత్తి ఇంజన్ దగ్గర చెవి పెట్టి వింటుంటే, ఆమె వెనక ఎక్కి వేలి కణుపులతో పలకలు కొట్టి చప్పుడు వింటోంది. పడవ కొనేవాళ్ళు చేసే పని అది. చప్పుడు గట్టిగానే ఉంది. కాని పలకకూ పలకకూ మధ్య బొటనవేలు పట్టేంత సందు ఉంది.

"రెండు నెలలు తోలుకోండమ్మా. నచ్చితే కొనండి, లేకపోతే తెచ్చి ఇక్కడే వదిలేయండి" అన్నాడు నరసింహారావు.

సందుల గురించి ఆమె అడగలేదు. జవాబు తెలుసుననుకున్నచోట మనిషి ప్రశ్న వేయడు. ఎండలో ఏళ్ళ తరబడి పడి ఉన్న పలక ఎండి సందులిస్తుంది, పడవైనా అంతే. ఆలనాపాలనా లేని వస్తువని ఆమె ఆయన్ను లోలోపల తప్పుపట్టింది కూడా.

పాలెం చేరిన మర్నాడే పడవల వడ్రంగి హనుమయ్యను పిలిపించింది. అతను రెండు రోజులు కూర్చుని, ప్రతి సందులోనూ పత్తి పీచు దట్టంగా దూర్చి, నూనెలో కాచిన గుగ్గిలం పూశాడు. వెనక తలుపు అంచుకు గోనె చుట్టి బిగించాడు. పని పూర్తయ్యాక నాలుగు బిందెల నీళ్ళు పోసి చూశారు. చుక్క కారలేదు. పాలెంలో సగంమంది వచ్చి మెచ్చుకున్నారు. జకరయ్య ఒక్కడే బండి చుట్టూ తిరిగి తల గోక్కున్నాడు.

"ఐసు కరిగితే నీళ్ళు ఎటు పోతాయమ్మా?"

"ఎటూ పోవు. అందుకేగా ఇంత పని చేయించింది! ఐసు నీళ్ళు దారి పొడుగునా ఒలకబోసుకుంటూ పోతే గంపలో చల్లదనం ఎట్టా నిలుస్తుంది?"

"మిలిటరీలో మేము అడుగున చిల్లులు పెట్టేవాళ్ళమండి."

"మిలిటరీలో చేపలు తోలావా?"

"లేదండి. మనుషుల్ని."

"మరింకేం! బండి సంగతి నువ్వు చెప్పు జకరయ్యా, వింటాను. నీళ్ళ సంగతి నాకు చెప్పకు. నేను పుట్టిందే నీళ్ళలో."

దారిలో అతను మళ్ళీ నోరెత్తితే, అంత తెలిసినవాడివి దిగి నడిచి రమ్మంది.

మొదటి నాలుగు రోజులు బండి కొత్తదానిలా ముచ్చటగా నడిచింది. పాలెంలో గంపలు మూడు వరసలుగా పేర్చి, రేపల్లెలో ఐసు వేయించుకుని, పొద్దెక్కకముందే తెనాలి చేరేవాళ్ళు. మార్కెట్టులో కూలీలు వెనక తలుపు తీయగానే నీళ్ళు జలజలా దూకేవి. దారిలో ఒక్క చుక్క పోలేదనడానికి అది సాక్ష్యమని ఆమె వాళ్ళకు చూపించేది.

అయిదో రోజున మస్తానయ్య, చిల్లర వ్యాపారుల గొణుగుడు విని, అడుగు వరస గంపలో చేయిపెట్టి, ఒక మాగ చేపను పైకి తీసి, వాసన చూసి ఆమె ముందు పడేశాడు.

"ఏంటిది సుబ్బులక్కా?"

ఆమె బొటనవేలితో నొక్కింది. వేలు దిగబడింది. నిన్న సాయంత్రం తన చేతులతో ఎంచిన చేప.

"పై వరస బ్రహ్మాండంగా ఉంది. మధ్యది పరవాలేదు. అడుగుది చూస్తే మొన్నటి సరుకు. ఇరవయ్యేళ్ళుగా నీ గంప తిరగేసి చూడలేదు నేను. ఇకనుంచి చూడమంటావా?"

పైన మంచివి పెట్టి అడుగున పాతవి దాస్తున్నావని ఆ మాటకు అర్థం. చేపల బేరంలో ఇంతకంటే పెద్ద తిట్టు లేదు. ఆమె ఆ మాగను కొంగులో చుట్టుకుని బండి ఎక్కింది.

ఆ తరువాతి మూడు వారాలూ ఆమె చేసిన పనులన్నీ తెలివైనవే, ఒక్కటీ పనికిరాలేదు. ఐసు ఒకటిన్నర రెట్లు చేసింది. అడుగు గంపలు ఇంకా పాడయ్యాయి. బండి మెల్లగా పోతోందని జకరయ్య మీద ఎగిరింది. అతను వేగం పెంచితే, చెరుకుపల్లి మలుపులో బ్రేకు వేసినప్పుడు వెనక బరువంతా ఒక పక్కకు ఊగి గంపలు ఒరిగాయి. గంపలు మార్చింది. వరి గడ్డి పరిచింది. గడ్డి కూడా కుళ్ళింది. ఆదివారం ఆరాధన ముగిశాకగాని జకరయ్య బండి తీయడు గనుక ఆ ఆలస్యాన్నీ తప్పుపట్టింది.

"మీ దేవుడు ఆదివారం నా చేప కుళ్ళకుండా ఆపుతాడా ఏంటి?"

"మా దేవుడి శిష్యుల్లో చేపలు పట్టే మీవాళ్ళే ఎక్కువమ్మా. ఆయనకు ఆ వాసన అలవాటే."

"నవ్వించకు. నాకు ఏడుపొస్తోంది."

ఏడుపు కంటే చికాకే ఎక్కువ. తప్పు చేసి నింద మోయడం వేరు, చేయక మోయడం వేరని లోకం అంటుంది. అసలు ఏ తప్పు జరిగిందో తెలియకుండా మోయడం ఈ రెంటికంటే బరువు. అందులో పశ్చాత్తాపానికీ చోటు లేదు, కోపానికీ ఒక గురి లేదు. గురి లేని కోపం దగ్గరలో ఉన్న పాత వస్తువు మీద వాలుతుంది. బస్టాండులో అందరూ అన్న మాటే ఆమె కూడా అనడం మొదలుపెట్టింది. పాతది ఎప్పుడూ పాతదే. అది మోసిన యుద్ధపు పీడ ఏదో ఆ చెక్కల్లో ఉంది. అడుగు వరస అడుగునే ఎందుకు పాడవుతోందన్న ప్రశ్న మాత్రం ఆ కోపంలో మరుగున పడిపోయింది.

పుష్యమాసంలో ఒకరోజు బస్సెక్కి బాపట్ల వెళ్ళింది. నరసింహారావు వసారాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"మీ బండి నా పరువు తీసిందండి" అంది, కూర్చోమన్నా కూర్చోకుండా.

"ఆగిపోయిందా?"

"లేదండి."

"పెట్రోలు ఎక్కువ తాగుతోందా?"

"అది కాదండి. దాని అడుగున పెట్టింది ఏదీ బతకడం లేదు."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. "పదేళ్ళు దానిలో సరుగుడు నారు తోలానమ్మా. తడి మన్నుతో సహా. ఒక్క మొక్క చావలేదు." ఈ మాట ఆయన గొప్పకు చెప్పలేదు; జరిగింది చెప్పాడు. ఆమెకు అది ఎత్తిపొడుపులా వినిపించింది. వారంలో బండి తెచ్చి వదిలేస్తానని చెప్పి వచ్చేసింది.

మాఘానికి ఇక పన్నెండు రోజులుంది; బుకింగు కాగితం చూపిస్తే మరుదులు ఇంకో రెండు నెలలు ఆగుతారని ఆశపడింది. మర్నాడు సరుకు దించాక, అదే బండిలో కొత్త బండి ఏజెంటు దగ్గరికి పోనిమ్మంది. మార్కెట్టులో ఆ రోజు మస్తానయ్య రెండు అడుగు గంపలు తీసుకోనన్నాడు. అవి వెనక అలాగే ఉన్నాయి. అవి కనిపించకుండా వెనక తలుపు మళ్ళీ బిగించారు.

ఏజెంటు చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకున్న మనిషి. ఎదురొచ్చి జకరయ్యకు నమస్కారం పెట్టాడు.

"రండి సార్, రండి. మీ బండేనా ఆ పాతది? ఇంకా నడుస్తోందే!"

"నేను డ్రైవర్నండి. కొనేది అమ్మగారు."

"అలాగా. అయితే చూడండి సార్," అంటూ మళ్ళీ జకరయ్యకే చెప్పసాగాడు, "గేర్లు ఇవి, బ్రేకు ఇది. ఓనరు గారు రాలేదా?"

"ఆ ఓనరు గారు మీ మోచేతి పక్కనే నిలబడి ఉన్నారండి" అంది వెంకటసుబ్బులు. ఏజెంటు తడబడి నవ్వి, రెండు క్షణాలు ఆమెను చూసి, తిరిగి జకరయ్య వైపు మళ్ళాడు.

చూడవచ్చిన వాళ్ళ కోసం ఉంచిన బండి ఒకటి ఆవరణలో ఎండలో మెరుస్తోంది. ఆకుపచ్చదే. ఆమె ముందు సీటు మీద అరచేయి వేసింది. మెత్తగా దిగి, మళ్ళీ లేచింది. ఆ క్షణంలో ఆమె దాన్ని కొనేసినట్టే.

"చేప వ్యాపారం అన్నారు కదా. దీని అడుగు చూడండి" అని ఏజెంటు వెనక తలుపు మూసి, కుండలోంచి చెంబుడు నీళ్ళు తెచ్చి ఆ రేకు అడుగున పోశాడు. "ఒకే రేకు. అతుకు లేదు, చిల్లు లేదు. చుక్క కారదు. ఎంతసేపైనా నిలబడి చూసుకోండి."

ఆమె నిలబడి చూసింది. నీళ్ళు ఒక మూలకు చేరి ఆగాయి. గడ్డిపోచ ఒకటి తేలుతోంది. ఏజెంటు బుకింగు కాగితాల కోసం లోపలికి వెళ్ళాడు. నీళ్ళు అలాగే ఉన్నాయి. ఆమె వేలు ముంచింది. ఎండకు అప్పుడే నులివెచ్చనయ్యాయి.

"జకరయ్యా, ఈ నీళ్ళు ఎట్టా పోతాయి?"

"పోవండి. తోడాల్సిందే."

ఏ పడవలోనైనా, అది ఎంత గట్టిదైనా, నీళ్ళు తోడేందుకు ఒక మనిషి ఉంటాడు. చేతిలో డొప్ప, కాళ్ళ కింద నీళ్ళు. అలలనుంచీ, వలనుంచీ, తడిసిన మనుషుల ఒంటినుంచీ చేరిన నీటిని అతను పొద్దస్తమానం బయటికి చిమ్ముతూనే ఉంటాడు. సింగయ్యా చిన్నప్పుడు ఆ పనే చేశాడు. నీళ్ళు లోపలికి రాకుండా పడవకు గుగ్గిలం పూస్తారు. వచ్చిన నీళ్ళు నిలవకుండా మనిషిని పెడతారు. ఆమె బండికి మొదటిది చేయించింది, రెండోది మరిచింది. పైగా పడవకు నీళ్ళు బయట, బండికి లోపల.

ఆమె గేటు వైపు నడిచింది, పరుగెత్తినంత వేగంగా. పాత బండి వెనక ఎక్కి మస్తానయ్య వద్దన్న గంపను పక్కకు జరిపింది. తలుపు మళ్ళీ బిగించిన తరువాత కరిగిన ఐసు, రెండు గంపలదే, అప్పటికే అరంగుళం నిలిచి ఉంది. నెత్తుటి జిగురుతో గోధుమరంగు తిరిగిన నీళ్ళు. నిండు సరుకు ఉన్న రోజున నాలుగు వేళ్ళ లోతు ఉంటుంది. అడుగు వరస రేపల్లె నుంచి తెనాలి దాకా ఆ మురికిలో నానుతుంది. మస్తానయ్య చేయిపెట్టే వేళకు తలుపు తీసి ఉంటుంది, నీళ్ళు దూకి పోయి ఉంటాయి. నేరం చేసినవాడు రోజూ అందరి కళ్ళ ముందే జలజలా దూకి పారిపోయాడు. ఆమె వాణ్ణి చూపించి గర్వపడింది.

"నెలనాడే చెప్పానమ్మా" అన్నాడు జకరయ్య, కింద నిలబడి.

"గట్టిగా చెప్పొద్దూ?"

"గట్టిగా చెప్పబోతేనే దిగి నడిచి రమ్మన్నారు కదండీ."

ఆమె అతణ్ణి చూసింది. "ఇనుప కడ్డీ ఏదన్నా ఉందా?" అంది.

ఆ ఆవరణ గేటు ముందే, కాగితాలు పట్టుకుని వచ్చిన ఏజెంటు చూస్తుండగానే, ఆమె కడ్డీతో మొదటి సందులోని పీచు పెకలించింది. గుగ్గిలం పెళ్ళలుగా లేచింది. నీళ్ళు దారి దొరకబుచ్చుకుని కిందికి ధారకట్టాయి.

"అయ్యో సార్, ఆవిడ ఏం చేస్తున్నారు?"

"నీళ్ళు తోడుతున్నారండి" అన్నాడు జకరయ్య.

"కొత్తదానికి అడుగున చిల్లులు పెట్టిస్తారా?" అని ఆమె పైనుంచి అడిగింది. ఈసారి ఏజెంటు ఆమెకే జవాబు చెప్పాడు. చిల్లు పెడితే కంపెనీ గ్యారంటీ పోతుందన్నాడు. చిల్లు అంచున ఉప్పునీటికి రేకు తుప్పుపట్టదా అంటే, అది మాత్రం తాను చెప్పలేనన్నాడు.

మర్నాడు సందులు తెరిచిన బండి తెనాలికి దారి పొడుగునా కారుకుంటూ వెళ్ళింది. మస్తానయ్య ముందుగా అడుగు గంపలోనే చేయిపెట్టాడు. ఒక చందువాను తీసి, నొక్కి, మళ్ళీ నొక్కి, గంపలో వేశాడు.

"ఇవాళ కిందవి పైనా, పైవి కిందా పెట్టావా ఏంటి సుబ్బులక్కా?"

ఆమె మొత్తం చెబుదామనుకుంది. చెబితే, పుట్టినప్పటినుంచీ నీళ్ళలో బతికినదానికి నీళ్ళ సంగతి తెలియదని మార్కెట్టంతా నవ్వుతుంది. చెప్పకపోతే, అడుగున పాతవి దాచిందన్న అనుమానం అలాగే ఉంటుంది. చివరికి చెప్పింది. మార్కెట్టు నవ్వింది. మస్తానయ్య నవ్వలేదు, పొరపాటు పడ్డానని కూడా అనలేదు. వద్దన్న గంపల సంగతి ఎత్తనేలేదు. మరో పది రోజులు గంపలు తిరగేసి చూశాడు. పదకొండో రోజున మానేశాడు. దానితోనే సరిపెట్టుకోవలసి వచ్చింది.

పాలెంలో సింగయ్య తమ్ముళ్ళు మాత్రం పడవల సంగతి తెలిసిన వదినను బండి ముంచిందని ఆ మాఘమంతా నవ్వుకున్నారు. చేప లారీకి వేయలేదు.

బాపట్లకు ఆమె మళ్ళీ వెళ్ళినప్పుడు, నరసింహారావు బండి వెనక్కి వచ్చి పలకల మీద మిగిలిన గుగ్గిలాన్ని గోటితో గీకి చూశాడు.

"ఈ సందులు ఎవరు మూశారమ్మా?"

"నేనేనండి."

"మేస్త్రీకి చెప్పి మరీ వదిలించానే! మొక్కల కింద నీళ్ళు నిలిస్తే వేళ్ళు కుళ్ళుతాయని."

"మీరు చెప్పలేదండి."

"మీరు అడగలేదమ్మా."

ఇద్దరి మాటా నిజమే గనుక సంభాషణ అక్కడితో ఆగిపోయింది. పాత బండి ఇతరుల తలనొప్పి అన్న లోకం మాట ఈ ఒక్క చోట తప్పు. ఆ తలనొప్పి ఆమె సొంతం. ఆయన దగ్గర ఉన్నంతకాలం ఆ బండికి అది లేదు. ఇది తెలియడం ఆమెకు సంతోషమేమీ ఇవ్వలేదు. కోపగించుకోవడానికి ఒక పాత వస్తువు ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

1972 ఫిబ్రవరిలో వెంకటసుబ్బులు నరసింహారావు దగ్గర ఆ పాత బండినే కొన్నది. తెనాలి ఏజెంటుకు బుకింగు వద్దని జకరయ్య చేత చెప్పించింది. అతని మాటైతే ఆయన వింటాడని. హనుమయ్యను పిలిచి మిగిలిన గుగ్గిలమంతా గీకించి, వెనక తలుపు అంచున చుట్టిన గోనె కూడా తీయించింది. ఆ వేసవిలో బండి రెండుసార్లు దారిలో ఆగిపోయింది. ముందు సీటుకు మాత్రం కొత్త దూదితో మెత్త కుట్టించుకుంది.